తల్లి పొద వయసెంత?

జూలై వచ్చిందంటే సత్తెనపల్లి చుట్టుపక్కల షేడ్‌నెట్ల కింద ఊపిరి సలపని పని. పల్నాట్లో నర్సరీ అనగానే ఎవరికైనా ముందు తట్టేది మిరప నారే. ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, గుంటకో విత్తనం వేసి పెంచిన నారు ట్రాలీ ఆటోలకెక్కి క్రోసూరుకు, ముప్పాళ్ళకు, నకరికల్లుకు, రాజుపాలేనికి పోతుంటుంది. రైతులకు నిలబడి మాట్లాడే తీరిక కూడా ఉండదు. ఈ హడావిడికి ఓ పక్కగా, నల్లటి కవర్లలో సన్నటి ఆకులతో నిలబడి ఉంటాయి వెదురు మొక్కలు. వాటి దగ్గరికి వచ్చేవాళ్ళ తీరే వేరు. వాళ్ళు తొందరపడరు. ఒకటికి పది ప్రశ్నలు అడుగుతారు. చాలామంది ఆ రోజు ఏమీ కొనకుండానే వెళ్ళిపోతారు. పది రోజులాగి మళ్ళీ వస్తారు.

వెదురు మొక్కలు పెంచి అమ్మే చోట రోజు ఎట్లా గడుస్తుందో, ఎవరెవరు వస్తారో, ఏం అడుగుతారో చెప్పడానికే ఈ కథనం. ఏ ఒక్కరి నర్సరీ పేరూ రాయడం లేదు. ఈ పని చేసే ఎవరి దగ్గరికి వెళ్ళినా కనిపించేవీ వినిపించేవీ ఇవే.

వెదురు వైపు పల్నాటి రైతు చూపు మళ్ళడానికి కారణం వెతకనక్కర్లేదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను ఊడ్చేసింది. పూతలోనే దూరి రసం పీల్చే ఆ పురుగుకు ఏ మందూ సరిగా పనిచేయక, ఎకరానికి లక్షలు పెట్టినవాళ్ళు నిలువునా చేలు పీకేశారు. పత్తికి గులాబీ రంగు పురుగు బాధ ముందునుంచీ ఉంది. ఏటా విత్తనం, ఏటా మందులు, ఏటా కూలీల కోసం వెతుకులాట. వీటితో విసిగినవాడికి ఒకసారి పెడితే ముప్పై నలభై ఏళ్ళు ఉండే పంట అనే మాట ఎంత తీయగా వినపడుతుందో చెప్పాలా? దానికి తోడు 2018-19 కేంద్ర బడ్జెట్లో అరుణ్ జైట్లీ వెదురును పచ్చ బంగారం అన్నారు. జాతీయ వెదురు మిషన్‌ను కొత్తగా తీర్చిదిద్ది రూ.1,290 కోట్లు ప్రకటించారు. ఆపైన యూట్యూబ్ వీడియోలు అందుకున్నాయి. ఎకరానికి ఇన్ని టన్నులు, ఇన్ని లక్షలు అనే లెక్కలు ఫోన్లో చూసుకుని, ఆ ఫోను చేత్తో పట్టుకునే నర్సరీకి వస్తున్నారు.

నర్సరీలో పని తెల్లవారుజామునే మొదలవుతుంది. ఎండ ముదరకముందే కవర్లకు నీళ్ళు పట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పల్నాటి ఎండకు ఒక్క పూట తడి తప్పినా వెదురు ఆకు గొట్టంలా చుట్టుకుపోతుంది. అది దాహమేస్తోందని మొక్క చెప్పే మాట. వెంటనే నీళ్ళు పడితే గంటలో మళ్ళీ విచ్చుకుంటుంది. రెండు మూడు రోజులు అట్లాగే వదిలేస్తే పసుపు తిరిగి రాలిపోతుంది. నీళ్ళయ్యాక ఆడకూలీలు కవర్లు నింపడానికి కూర్చుంటారు. చుట్టూ ఉన్నదంతా నల్లరేగడే అయినా కవర్లలోకి ఆ మట్టి పనికిరాదు. తడిస్తే జిగురు, ఆరితే రాయి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపుతారు. మధ్యాహ్నం కలుపు. సాయంత్రం ఇంకో తడి.

నెలకోసారో రెండు నెలలకోసారో కవర్లన్నీ ఉన్నచోటు నుంచి ఎత్తి పక్కకు జరపడం ఒక పెద్ద పని. జరపకపోతే వేరు కవరు అడుగు చీల్చుకుని కింది నేలలోకి దిగుతుంది. అట్లా దిగిన మొక్క చూడ్డానికి ఏపుగా, అందరికంటే ఎత్తుగా ఉంటుంది. కొనేవాళ్ళ కన్ను కూడా దాని మీదే పడుతుంది. ఎత్తేటప్పుడు ఆ వేరు తెగుతుంది, పొలంలో పెట్టిన వారానికి మొక్క ఎండుతుంది. తప్పు నేలదో నీళ్ళదో అనుకుంటాడు రైతు. కూలి ఖర్చుకు వెనకాడకుండా కవర్లు జరిపించే నర్సరీ మొక్కే నిలబడుతుంది. పని తెలిసినవాళ్ళు కవరు ఎత్తి అడుగు చూసేది ఇందుకే.

మొక్క పుట్టే తీరు దగ్గరగా చూడదగ్గది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల్లి పొద నుంచి ఒకటి రెండేళ్ళ వయసున్న గడను ఎంచుకుంటారు. మరీ లేతదైతే కుళ్ళుతుంది, ముదిరితే కన్ను మేలుకోదు. రంపంతో రెండేసి కణుపులు ఉండేటట్టు ముక్కలు కోస్తారు. పక్క కొమ్మల్ని కన్ను దెబ్బతినకుండా పొట్టిగా కత్తిరిస్తారు. రెండు కణుపుల మధ్య బోలుగా ఉన్న భాగంలో చిన్న చిల్లు పెట్టి, అందులో నీళ్ళు పోసి, చిల్లును మూసేస్తారు. కొందరు నీళ్ళలో వేరు పుట్టించే హార్మోను మందు కూడా కలుపుతారు. తర్వాత ఆ ముక్కను ఇసుక మడిలో అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పుతారు. బయట తడి ఆరినా లోపలి నీళ్ళు కణుపును కాపాడుతుంటాయి. రెండు మూడు వారాలకు కణుపు దగ్గర పచ్చటి మొన తేలుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. వెదురు ముక్కకు ముందు చిగురు వస్తుంది, వేరు తర్వాత వస్తుంది. గడలో దాచుకున్న పిండి పదార్థంతోనే మొదటి ఆకులన్నీ వేసేస్తుంది. అడుగున ఒక్క వేరైనా లేకుండా జానెడు ఎత్తు చిగుళ్ళతో కళకళలాడే ముక్కలు ఎన్నో. తొందరపడి వాటిని విడదీసి కవర్లో పెట్టి అమ్మితే సగం పోతాయి. వేరు గట్టిపడేదాకా మడిలో ఉంచి, కవరులోకి మార్చి, ఒక వానాకాలం దాటించాక అమ్మితే ఢోకా ఉండదు. గుర్తు ఒకటే. మొదటి కాడ పక్కనే మట్టిలోంచి ఇంకో కొత్త పిలక పొడుచుకు వచ్చిందా లేదా చూడాలి. వచ్చిందంటే కింద దుంప కట్టింది. దుంప కట్టిన మొక్క ఎండనైనా తట్టుకుంటుంది.

పొలంలో పెట్టాక వెదురు పెరిగే పద్ధతి కూడా చెట్లకు తెలిసిన పద్ధతి కాదు. అది గడ్డి జాతి. వానల్లో నేలలోంచి వచ్చే కొమ్ము ఎంత లావున బయటికి వస్తుందో ఆ గడ జీవితాంతం అంతే లావు. రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు అందుకుంటుంది. ఆ తర్వాత పెరగదు, ముదురుతుందంతే. కొమ్మును చుట్టి ఉండే తొడుగు మీద నూగు చర్మానికి తగిలితే దురద, మంట. ముట్టుకోబోయే పిల్లల్ని నర్సరీవాళ్ళు కేకేసి ఆపేది అందుకే. గడ ముదరడానికి మూడేళ్ళు పడుతుంది. కోతలో మూడేళ్ళు దాటిన గడలే తీయాలి. ఆ ఏడాది వచ్చిన గడల జోలికి పోతే వచ్చే ఏడాది కొమ్ములకు బలమిచ్చేవి ఉండవు. నేలకు ఆనించి కాకుండా మొదటి కణుపు పైన కొయ్యాలి. కొమ్ములు లేచే వానాకాలంలో కోతే పెట్టకూడదు.

ఇక నర్సరీకి వచ్చేవాళ్ళు. ఎక్కువమంది రైతులే. మాటలు ఇట్లా నడుస్తుంటాయి.

“అబ్బాయ్, ఎకరానికి ఎన్ని పడతయ్యి?”

“అయిదు మీటర్లకు నాలుగు మీటర్ల ఎడం పెడితే రెండొందలు బాబాయ్. నేలెట్టాంటిది మీది?”

“రేగడి. వానలు పడితే వారం దాకా నీళ్ళు లాగవు.”

“నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళిద్ది. కాలవలు తీసి కట్ట మీద పెట్టాల.”

“నాలుగేళ్ళ దాకా రూపాయి రాదంటగా?”

“రాదు. మొదటి రెండేళ్ళు సాళ్ళ మధ్య కందో మినుమో ఏసుకోవచ్చు. ఆ తర్వాత నీడ కమ్మేసిద్ది.”

“మరి కోసినాక కొనేదెవురు?”

“అది తేల్చుకుని వచ్చి మొక్కలు తీసుకెళ్ళు బాబాయ్. నేను మొక్క అమ్మేవాణ్ణి, గడ కొనేవాణ్ణి కాదు.”

ఈ చివరి మాట చెప్పే నర్సరీ రైతు ఆ రోజు రెండొందల మొక్కల బేరం పోగొట్టుకుంటాడు. అయినా చెప్పి తీరాలి. పక్కనే ఉదాహరణ ఉంది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులు కాగితం మిల్లుల మీదే ఆధారపడి, గిట్టుబాటు ధర రాక ఏళ్ళ తరబడి మార్కెట్ యార్డుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. కర్ర పెరిగింది, కొనేవాడు చెప్పిందే ధర అయింది. వెదురును మిరపలా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగలేం. పచ్చి గడ బరువు, రవాణా ఖర్చు ఎక్కువ. యాభై అరవై కిలోమీటర్ల లోపల కొనే చోటు లేకపోతే లాభం లారీ కిరాయికే పోతుంది. అస్సాంలోని నుమాలిగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ 2025లో ప్రారంభమైంది. బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో పైకప్పంతా వెదురు పని కనిపిస్తుంది. అగరుబత్తి పుల్లల కోసం వియత్నాం మీద, చైనా మీద ఆధారపడకుండా ఉండాలని కేంద్రం 2020లో వెదురు మీద దిగుమతి సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచింది. ఇవన్నీ నిజమే. వెదురుకు దేశంలో గిరాకీ ఉందనడంలో సందేహం లేదు. ఆ గిరాకీ సత్తెనపల్లి పొలం గట్టు దాకా వచ్చిందా అన్నదే రైతు అడగాల్సిన ప్రశ్న.

రెండో రకం మనుషులు మేదర పనివాళ్ళు. వీళ్ళు మొక్కలు కొనడానికి రారు. నర్సరీ అంచున పెరిగిన తల్లి పొద చుట్టూ తిరిగి గడల్ని వేలితో మీటి చూస్తారు. కణుపుకూ కణుపుకూ మధ్య ఎంత పొడవుంది, నిటారుగా ఉందా, చీలిస్తే తిన్నగా చీలుతుందా. బుట్ట అల్లడానికి, చేట కట్టడానికి ఏడాది రెండేళ్ళ లేత గడ కావాలి, అది వంగుతుంది. నిచ్చెనకు, పందిరి గుంజకు ముదురు గడ కావాలి. కోసిన గడను కొన్నాళ్ళు నీళ్ళలో నానేస్తే పుచ్చు పట్టదని వీళ్ళకు తాతల నాటి నుంచీ తెలుసు. పుచ్చు పురుగు తినేది గడలోని పిండి పదార్థాన్ని, నానేస్తే అది కరిగి పోతుంది. ప్లాస్టిక్ బుట్టలు వచ్చి వీళ్ళ పొట్ట కొట్టాయి. వెదురు సాగు గురించి ఎన్ని పథకాలు వచ్చినా, వెదురు గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన ఈ మనుషుల్ని పిలిచి ఏ రకం వెయ్యాలని అడిగినవాళ్ళు తక్కువ. నా మట్టుకు నాకు ఇది పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఊళ్ళో పది పొదలు మేదర ఇళ్ళవాళ్ళ కోసమే పెంచినా ఒక వాడ బతుకుతుంది.

శివరాత్రి ముందు ఇంకో రకం జనం. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టే ఊళ్ళవాళ్ళు. ఆకాశాన్ని అంటే ఆ ప్రభలకు పొడుగాటి బొంగులు కావాలి. నర్సరీలో మొక్కలుంటాయి గానీ బొంగులుండవని తెలిసినా, ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడానికి వస్తారు. మొక్కుబడి ప్రభకు బొంగులు బయటి ఊళ్ళ నుంచి తెచ్చుకునే పల్నాటికి, సొంత వెదురు తోపు ఎందుకు లేదో అనిపించక మానదు. పెళ్ళి పందిరికీ వెదురే, చివరికి పాడెకూ వెదురే. ఊరికి రోజూ అవసరమైన వస్తువు ఇది.

అమరావతి పనులు ఊపందుకున్నాక ఇళ్ళ ముందు పచ్చటి గోడలా పెంచుకోవడానికి వెదురు అడిగేవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. వీళ్ళకు పసుపు గడ మీద ఆకుపచ్చ చారలుండే బంగారు వెదురో, పొట్టిగా గుబురుగా పెరిగే కంచె వెదురో చాలు. వీళ్ళ భయాలు రెండు. వేళ్ళు పునాదిలోకి దూరతాయని ఒకటి, పాములు చేరతాయని ఇంకొకటి. మన దగ్గర పెరిగే రకాలన్నీ పొదగా ఒకచోటే ఉంటాయి. నేల కింద పరుగులు తీసే రకాలు చలి దేశాలవి. ప్రహరీకి నాలుగైదు అడుగుల ఎడం ఇస్తే పునాదికి ఏమీ కాదు. అడుగున రాలిన ఆకు ఎప్పటికప్పుడు ఊడిస్తే పాములకు చోటుండదు. గాజు గ్లాసులో నీళ్ళలో పెట్టుకునే లక్కీ బాంబూ అడిగే పిల్లలూ వస్తారు. అది వెదురే కాదని, డ్రసీనా అనే వేరే జాతి మొక్క అని చెబితే ఆశ్చర్యపోతారు.

ఇన్ని రకాల మనుషులు వస్తున్నా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. తల్లి పొద వయసెంత?

వెదురు రకాల్లో చాలావరకు జీవితంలో ఒకేసారి పూస్తాయి, గింజ రాల్చి చచ్చిపోతాయి. మన నల్లమలలో ఎక్కువగా కనిపించే సాధన వెదురు రమారమి పాతిక నుంచి నలభై అయిదేళ్ళకు, ముళ్ళ వెదురు నలభై అయిదేళ్ళకు అటూఇటూగా పూతకొస్తాయి. ఒక తరం గింజల నుంచి మొలిచిన పొదలన్నీ, ఎక్కడ ఉన్నా, ఇంచుమించు ఒకేసారి పూస్తాయి. మిజోరంలో ఒక రకం వెదురు 48 ఏళ్ళకోసారి అడవులన్నిట్లో ఒక్కసారిగా పూస్తుంది. రాలిన గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, గింజలైపోగానే పంటల మీద పడతాయి, కరవు వస్తుంది. 1959లో వచ్చిన ఆ కరవులో సాయం అందలేదన్న ఆగ్రహమే లాల్‌డెంగా నాయకత్వంలో మిజో ఉద్యమానికి బీజం వేసింది.

మన రైతుకు పనికొచ్చే సంగతి ఇది. కణుపు ముక్క నుంచి పుట్టిన మొక్కకు తల్లి వయసే వస్తుంది. ముప్పై అయిదేళ్ళ పొద నుంచి తీసిన ముక్క చూడ్డానికి పసి మొక్కే. పొలంలో పెట్టిన ఆరేడేళ్ళకు, సరిగ్గా నాలుగు డబ్బులు వచ్చే సమయానికి తల్లితో పాటే పూసి ఎండిపోవచ్చు. గింజ నుంచి మొలిచిన మొక్కకు ఆ భయం లేదు. కాకపోతే గింజ దొరికేది పూసినప్పుడే, అదీ ఎక్కువ కాలం నిలవ ఉండదు. గింజ మొక్కలన్నీ ఒకే తీరుగా పెరగవు కూడా. ఇప్పుడు బాగా వినపడుతున్న భీమా వెదురు హోసూరులోని గ్రోమోర్ బయోటెక్ సంస్థ బల్కువా రకం నుంచి ఎంపిక చేసి, టిష్యూకల్చర్‌లో పెంచి ఇస్తున్నది. ముళ్ళుండవు, గడ లోపల దాదాపు నిండుగా ఉంటుంది. బల్కువాకు మొలకెత్తే గింజ రాదు కాబట్టి విత్తనం నుంచి పెంచామని ఎవరన్నా చెబితే నమ్మవద్దు. అసలు మొక్క ఏదో, పక్క తోటలో కణుపు కోసి పేరు పెట్టిందేదో ఆకు చూసి చెప్పడం చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. అందుకే బిల్లు కావాలి, ఎక్కడి నుంచి తెచ్చారో రాతలో కావాలి. సత్తెనపల్లి లాంటి ఊళ్ళ రోడ్డు పక్క నర్సరీల్లోకి చాలా మొక్కలు గోదావరి ఒడ్డున కడియం, కడియపులంక నుంచి వ్యాన్లలో వస్తాయి. పల్లా వెంకన్న లాంటివాళ్ళు దేశమంతటికీ పరిచయం చేసిన ఆ నర్సరీల ఒండ్రు మట్టిలో పెరిగిన మొక్కను తెచ్చి వెంటనే పల్నాటి ఎండలో పెడితే తట్టుకోదు. కొన్ని వారాలు ఇక్కడి నీడలో, ఇక్కడి నీళ్ళతో అలవాటు చేయాలి.

వెదురు కొయ్యాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పల్నాటికి ఆ భయం ఊరికే రాలేదు. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టనన్న కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కాల్చి చంపిన గడ్డ ఇది. అడవి చట్టాల సంగతులు ఇక్కడ కథలుగా చెప్పుకుంటారు. 1927 నాటి భారత అటవీ చట్టం గడ్డి జాతి అయిన వెదురును చెట్ల జాబితాలో చేర్చింది. దాంతో సొంత చేలో పెంచినా నరకడానికి, తరలించడానికి పర్మిట్ల చిక్కులుండేవి. 2017 నవంబరు 23న ఆర్డినెన్సు తెచ్చి, అడవి బయట పెంచే వెదురును ఆ జాబితా నుంచి తీసేశారు. తర్వాత పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. పట్టా పొలంలో పెంచిన వెదురు ఇప్పుడు రైతు సొంత పంట. అడవిలోది మాత్రం ఎప్పటిలాగే అటవీ చట్టం కిందే ఉంది.

నా అభిప్రాయం దాచుకోను. సత్తెనపల్లి రైతు ఉన్న మిరప, పత్తి అంతా తీసేసి వెదురు వెయ్యడం తొందరపాటు. పొలం గట్ల మీద, కాలవ ఒడ్డున, వాలుగా ఉండి పంట సరిగా రాని అరెకరంలో పెట్టి చూడటం తెలివైన పని. గాలివానకు అడ్డుగా ఉంటుంది, ఇంటి అవసరాలకు పనికొస్తుంది, నాలుగేళ్ళలో కొనేవాళ్ళు ఎవరో తేలుతుంది. అప్పుడు పెంచుకోవచ్చు, అదే పొద నుంచి కణుపులు కోసుకోవచ్చు.

మొక్కల కోసం వెళ్ళేవాళ్ళు ఈ వానాకాలం గట్టి వాన ఒకటి పడ్డాక వెళ్ళండి. వెళ్ళేముందు రైతు సేవా కేంద్రంలో వెదురు మిషన్ రాయితీ సంగతి కనుక్కోండి. ఆ సాయం ఒకేసారి రాదు, మూడేళ్ళలో 50, 30, 20 శాతాల చొప్పున వస్తుంది, మొక్కలు బతికి ఉన్నాయని చూపించాలి. నర్సరీలో కవరు ఎత్తి అడుగు చూడండి. రెండో పిలక ఉన్న మొక్కనే ఏరుకోండి. గింజ మొక్కా, ముక్క మొక్కా, టిష్యూకల్చరా అని అడగండి. ముక్క మొక్కయితే తల్లి పొదను చూపించమనండి, దాని వయసు అడగండి. చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి.